దీపం ఉండగానే

మంగళవారం సాయంత్రం, ట్రెవెన్ రీఫ్ టౌన్ హాల్లో
నలభై కుర్చీలు వేశాను. పంతొమ్మిది మంది వచ్చారు.
ఫ్యాన్లు ఎర్రదుమ్మునే అటూ ఇటూ తిప్పుతున్నాయి.
డెబ్బై పేజీల నా రిపోర్టులో
'సుస్థిర' అనే మాట అరవై ఒక్కసార్లు ఉంది.
నిద్రపట్టని రాత్రి నేనే లెక్కపెట్టాను.

గనికింకా తొమ్మిదేళ్లు ఆయుష్షంటుంది కంపెనీ.
పాలవాడి కొలత మనకి తెలిసిందే,
నురగ తీసేసి ఏడు అనుకున్నాను.

పెర్త్ నుంచి విమానంలో దిగినవాళ్లు
రెండు వారాలు తవ్వి
బంగారాన్నీ జీతాల్నీ ఒకే రెక్కల మీద పట్టుకుపోతారు.
ఊరికి మిగిలేది
షిఫ్టు మారేవేళ కిటికీలదిరే పేలుడు,
వర్క్‌షాపు వెనక టైర్ల గుట్ట.
మెర్ల్ హాస్కిన్ బేకరీ ఇప్పుడు బుధవారాలు తెరవడం లేదు.
ఫుట్‌బాల్ జట్టుకి పద్దెనిమిది మంది చాలక
పోయినేడు పోస్ట్‌మాస్టర్ని దింపారు.
యాభై మూడేళ్లాయనకి. మోకాలు పోయింది.
ఇవేవీ నా గ్రాఫుల్లో లేవు.

స్లైడు మార్చాను:
సోలార్ పలకలు, యంత్రాల మరమ్మతు నేర్పే బడి,
టన్నుకింత అని పక్కన పెట్టే నిధి,
గంధపు తోట.

"ఎన్నేళ్లకి కోతకొస్తుంది?" అంది మెర్ల్.
పాతికేళ్లకి.
"అది పక్కచెట్ల వేళ్లు పీల్చి బతుకుతుందటగా?"
అవును.
"అలాంటిదొకటి మనకి ఉండనే ఉందిగా" అంటూ
కంపెనీ తరఫున వచ్చిన గ్రాంట్ వైపు చూసింది.
హాలంతా నవ్వింది. అతనూ నవ్వాడు పాపం,
నారింజ జాకెట్టు మీద మడతలింకా పోలేదు.

ఆంటీ కోరల్ నవ్వలేదు.
కర్ర మీద గడ్డం ఆనించి,
"గొయ్యి పూడుస్తారా, కంచె కట్టి పోతారా?
మావాళ్ల నీటిచెలమకి దారి అందులోంచే ఉండేది" అంది.
పరిశీలిస్తామన్నాడు గ్రాంట్.
నా డెబ్బై పేజీల్లో ఆమె ప్రశ్నకి అర పేరా ఉంది.
సిగ్గేసింది. పక్కన పెన్సిలుతో గీత గీశాను.

నేను బెల్లంపల్లిదాన్ని.
బొగ్గు అయిపోయాక బజారు ఎలా ఉంటుందో
ఎవరూ నాకు స్లైడు వేసి చూపక్కర్లేదు.
అందుకే నోరు జారింది, ముందు తెలుగులోనే:
దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి.
దాన్ని వాళ్ల భాషలోకి వంచబోయి
ఇంటి దగ్గర తడబడి
దీపం దగ్గర ఆగిపోయాను.

వెనక వరసలో డెస్ ట్రెగియర్ లేచాడు.
డెబ్బై ఎనిమిదేళ్లు, అందులో ముప్పై ఒకటి భూమి లోపల.
"క్యాప్ ల్యాంపు" అన్నాడు.
"బ్యాటరీ పన్నెండు గంటలొచ్చేది.
పన్నెండూ లోపలే వాడేసినవాణ్ని ఒక్కణ్ని చూశాను,
గోడ తడుముకుంటూ తేలాడు మర్నాటికి.
పోవడానికెంత వెలుగో
రావడానికీ అంతే దాచుకునేవాళ్లం.
ఈమె చెప్పేది అదేననుకుంటా.
అదే కాకపోతే ఇన్ని కాగితాలెందుకో నాకు తెలీదు."
కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది.

పెద్దగా ఏదీ తేలలేదు.
నిధి వచ్చే నెలకి వాయిదా.
గంధం నలభై మొక్కలు, స్కూలు వెనక, చూద్దామని.
నీళ్లు పోసే వంతులు టాలియా రాసింది, పదకొండో తరగతి.
తన పేరు మాత్రం నవంబరు దాకానే వేసుకుంది.
"తర్వాత ఇక్కడ ఉంటానో లేదో" అంది, తలెత్తకుండా.

కుర్చీలు దొంతర పెడుతుంటే పేలుడు.
కిటికీలదిరాయి. ఎవరూ పట్టించుకోలేదు.
నేనొక్కదాన్నే అనుకున్నాను
ఇది ఎన్నో గంటో, పన్నెండులో.

ఇంటికొచ్చి రిపోర్టు తెరిచి
ఒక 'సుస్థిర' కొట్టేసి
'తిరుగుదారి' అని రాశాను.
మిగతా అరవై రేపు.